బరువు తగ్గిన బాటిల్

తొమ్మిది గంటల ముప్పై ఒక్క నిమిషం పది సెకన్లకు తెల్ల కారు కెమెరాలోకి వచ్చింది. పద్నాలుగో సెకనులో బానెట్ కింద నుంచి మంట లేచింది. ఇరవై రెండో సెకనులో కారు రోడ్డు దిగి గుంటలో పడింది. నిన్న ఆదివారం పొద్దున నాగులగుంపు ఫారెస్టు చెక్‌పోస్టు కెమెరా పట్టింది ఇంతే.

సరళ ఆ వీడియోను ఐదోసారి చూసి, ఫోన్‌ను ఫారెస్టు వాచర్ రెడ్యా చేతికి తిరిగి ఇచ్చింది. సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలైంది. నాలుగున్నరలోగా బెన్నీని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెడితే ఇక రిమాండే. ఖమ్మం ఆసుపత్రిలో గొంతులో గొట్టంతో, ఒళ్లంతా కట్లతో పడి ఉన్న, ఆ కారు నడిపిన సతీష్ ప్రాణం పోతే కేసు ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు తల్లాడ కార్ల మెకానిక్ బెన్నీ తన షెడ్డు తలుపు మళ్లీ ఎప్పుడు తెరుస్తాడో ఎవరూ చెప్పలేరు.

బెన్నీ తల్లి ఆరోగ్యమ్మ నిన్న సాయంత్రం ఫోన్‌లో ఏడవలేదు. "నా కొడుకు తప్పు చేస్తే నేనే అప్పజెప్త. చెయ్యలే. నువ్వు పోయి తేల్చు," అని పెట్టేసింది. సరళకు ఆ తీరు నచ్చింది. ఏడ్చేవాళ్ల కేసుల కన్నా ఎదురు తిరిగేవాళ్ల కేసులంటే ఆమెకు మొదటి నుంచీ మక్కువ. తనూ ఆ బాపతే మరి. పదకొండేళ్లు బండ్ల ఫిట్‌నెస్ చూసే సర్కారు కొలువు చేసి, ఒకరోజు సంతకం పెట్టనని మొండికేసి బయటికొచ్చి, ఖమ్మంలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. తండా నుంచి వచ్చిన ఆడది కార్ల కింద దూరడమేమిటని నవ్విన వాళ్లందరి ఇంజన్ నంబర్లూ ఆమెకు ఇప్పటికీ గుర్తే.

"ఏమమ్మా సరళా, సినిమా అయిపోయిందా?"

సీఐ నాగరాజు జీపు దిగి వచ్చాడు. ఆయన దర్యాప్తు అంటే కుక్కర్ మూడు ఈలలు వేయగానే దించేయడమే. నిరుడు ఒక లారీ దొంగతనం కేసులో ఆయన పట్టుకొచ్చిన దొంగ, దొంగతనం జరిగిన గంటలో పెళ్లిపీటల మీద ఉన్నాడని సరళ ఫొటోతో సహా చూపించింది. ఆనాటి నుంచి ఆమె పేరు వింటే ఆయనకు తాగుతున్న ఛాయ్ చేదెక్కుతుంది.

"నాలుగు సెకన్లు," అన్నాడు నాగరాజు. "పోరడు యాక్సిలరేటర్ తొక్కిండు, స్పీడు పెంచే నైట్రస్ గ్యాసు ఇంజన్ల పడ్డది, బండి తగలబడ్డది. కంపెనీ ఇంజన్‌కు దొంగ గ్యాసు ఎక్కించిన మెకానిక్ దొరికిండు. దీనికి డిటెక్టివ్ ఎందుకు?"

"అంత తేలిగ్గ తేలిపోతే నేనొచ్చినందుకు మీకు చెమటలెందుకు పడుతున్నయి సార్?"

"ఎండకు."

"జనవరిల."

కానిస్టేబుల్ ఒకడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాగరాజు వాడి వీపు వైపు ఉరిమి చూశాడు.

బెన్నీ జీపు వెనక సీటులో ఉన్నాడు. పంచనామా కోసం తీసుకొచ్చారు. చేతికి గొలుసు, గోళ్ల కింద ఇంకా పోని నల్లటి ఆయిలు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి, తల వంచుకుని మాత్రం లేడు. సరళ జీపు తలుపు దగ్గర నిలబడి సూటిగా అడిగింది.

"నైట్రస్ కిట్టు నువ్వే పెట్టినవా?"

"అవ్. నేనే పెట్టిన."

"లోపల ఏమేం మార్చినవ్?"

"ఏం మార్చలే అక్కా. పిస్టన్లు, రాడ్లు అన్నీ కంపెనీయే. అందుకే ముప్పై ఐదు గుర్రాల బలం కంటె ఒక్కటి ఎక్కువ ఎక్కియ్యలే. సతీష్ డెబ్బై అడిగిండు. ఇంకో మెకానిక్‌ను చూస్కొమ్మన్న." బెన్నీ గొంతులో జంకు లేదు. "గ్యాసుతోటి పెట్రోలు కూడ కొట్టే నాజిల్ పెట్టిన, మిక్చర్ ఎండిపోకుండ. టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి గుంజిన. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటియి ఏసిన. మూడువేల ఆర్పీఎం దాటినంక, యాక్సిలరేటర్ పూర్తిగ తొక్కితేనే గ్యాసు తెరుచుకుంటది. కాలు లేపితే బంద్. పెట్రోల్ ప్రెషర్ పడిపోతే తానే బంద్. ఇంతకన్న జాగ్రత్తగ ఎవడన్న పెట్టిండని చెప్పమను, నేను షెడ్డు మూస్కుంట."

"నిన్న గ్యాసు బాటిల్ నిండుగ ఉండెనా?"

"నిండుగనే ఉండె."

అన్ని జవాబులూ ప్రశ్న మీద ప్రశ్నగా వచ్చి పడ్డాయి. ఈ ఒక్కటి మాత్రం ఒక క్షణం ఆగి వచ్చింది. సరళ ఆ క్షణాన్ని మనసులో పక్కన పెట్టుకుంది.

అంతలో నాగరాజు ఫోన్ మోగింది. ఆయన కావాలనే స్పీకర్ ఆన్ చేశాడు. అవతల బెన్నీ చెల్లెలు ఏంజెల్. ఖమ్మం కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. గొంతు క్లాసులో వెనక బెంచీ దాకా వినబడే గొంతు.

"సార్, నేను తల్లాడ నుంచి నా కారుల బయలుదేరుతున్న. నా బండికి కూడ అన్న పెట్టిన కిట్టే. రెండేండ్లాయె, ఇంజన్ ఒక్కనాడు దగ్గలే. అదే రోడ్డు మీద మీ ముందల నడిపి చూపిస్త. ఏం కాకపోతే మా అన్నది తప్పు కాదని రాయండ్రి."

"రా అమ్మా, రా. నువ్వు కూడ ఒక కేసు అయితవు," అని నవ్వాడు నాగరాజు.

"రా ఏంజెల్," సరళ ముందుకు వంగి ఫోన్‌లో అంది. "కాగితాలన్నీ తీస్కొని రా. రెండింటికల్ల రా."

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలుసు. నాగరాజు ముఖం మీద ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. అంతే. తర్వాత ఆ మాటకు ఎంత బాధపడిందో కూడా ఆమెకే తెలుసు.

కారు చెక్‌పోస్టుకు నూట యాభై గజాల ముందే గుంటలో ఉంది, మీద టార్పాలిన్ కప్పి. అక్కడి నుంచి పాల్వంచ వైపు చూస్తే రోడ్డు రెండు కిలోమీటర్లు వంకర లేకుండా సాగిపోతుంది. స్పీడు పిచ్చి ఉన్న తల్లాడ బ్యాచ్ అంతా ఈ ముక్క దొరికే దాకా ఆగి ఇక్కడే కాలు నొక్కుతారు. సరళకు ఆ పిచ్చి మీద జాలి లేదు. అది వేరే సంగతి.

"ఏదీ ముట్టద్దు," అన్నాడు నాగరాజు.

"నేను ముట్టను. మీ కానిస్టేబుల్‌తోనే విప్పించుండ్రి, మీ పంచనామాలనే రాయించుండ్రి. నా మాట తప్పయితే అది కూడ మీ కాగితంలనే ఉంటది గదా."

వద్దంటే భయపడినట్టవుతుంది. నాగరాజు చెయ్యి ఊపాడు. కానిస్టేబుల్ ప్లగ్గులు విప్పి ఒక్కొక్కటీ గుడ్డ మీద పెట్టాడు. నాలుగింటి మొనలూ కరిగి ముద్దయ్యాయి.

"చూడు నీ మెకానిక్ పనితనం!"

"చూస్తున్న. ప్లగ్గు మీది నంబర్ చదవమనుండ్రి. బెన్నీ చెప్పిన చల్లటి ప్లగ్గే. నాజిల్‌ల జెట్లు, గా సన్న చిల్లుల బిళ్లలు, తీయమనుండ్రి. గ్యాసు వైపుది, పెట్రోలు వైపుది, రెండూ ముప్పై ఐదుకు సరిపోయే సైజే. అంటే పని అతను చెప్పినట్టే ఉంది సార్. ముప్పై ఐదు గుర్రాల నైట్రస్ నాలుగు సెకన్లల్ల నాలుగు ప్లగ్గులు కరిగియ్యదు. ఎంత చెడగొట్టినా కరిగియ్యదు."

"మరి ఏం కరిగిచ్చింది? దయ్యమా?"

సరళ డిక్కీలోని బాటిల్ నుంచి ఇంజన్ దాకా వచ్చే గొట్టాన్ని ఇంజన్‌కు కాస్త ఇవతల, బయటి మంట తగలని చోట కోయించమంది. గొట్టం పైన స్టీలు తీగల జాలీ తళతళలాడుతూనే ఉంది. లోపలి గొట్టం మాత్రం నల్లగా కాలి ముడుచుకుపోయింది. కొసన గ్యాసు ఆపాల్సిన వాల్వు కరిగిపోయి ఉంది. బయట మంట అంటుకుంటే ముందు జాలీ నల్లబడాలి. ఇక్కడ మంట గొట్టం లోపల పుట్టింది.

"గ్యాసు గదమ్మా, మండుతది," అన్నాడు నాగరాజు. ఈసారి గొంతులో అంత ధాటి లేదు.

"నైట్రస్ మండే గ్యాసు కాదు సార్. ఇంజన్ల వేడికి విడిపోయి, పెట్రోలు ఇంకా గట్టిగ మండేటట్టు చేస్తది, గంతే. చల్లటి గొట్టంల అది తనంతట తాను ఏమీ కాల్చదు." మంట ఎలా ఆరిందని ఆమె రెడ్యా వైపు తిరిగి లంబాడీలో అడిగింది, మళ్లీ అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పమంది.

"సతీష్‌ను గుంజి బయటేసినంక డిక్కీ తెరిచిన అక్కా," అన్నాడు రెడ్యా. "బాటిల్ మూత తిప్పి బంద్ చేసిన. ఇంట్ల గ్యాసు లీకయితే గట్లనే చేస్తం గదా. బంద్ చెయ్యంగనే మంట గప్పున పడిపోయింది. అప్పటిదాక నీళ్లు గుమ్మరిచ్చినా తగ్గలే."

"ఆ ముక్క రాసుకోండ్రి," అంది సరళ కానిస్టేబుల్‌తో. అతను సీఐ ముఖం చూసి, ఆయన వద్దనకపోయేసరికి రాసుకున్నాడు.

బాటిల్ డిక్కీలో చెక్కు చెదరకుండా ఉంది. మెడకు ఒక రేకు చీటీ కట్టి ఉంది. మిర్చి యార్డులో బస్తాకు కట్టినట్టు బెన్నీ ప్రతి బాటిల్‌కూ చీటీ కడతాడు. వాళ్ల నాన్న జకర్యా బతికినన్నాళ్లూ యార్డులో కాంటా వేసిన మనిషి. చీటీ మీద మేకుతో గీకిన అక్షరాలు: ఖాళీ ఆరు కిలోల ఎనిమిది వందలు, నిండు పదకొండు కిలోల మూడు వందలు, నవంబరు ఇరవై రెండు. పక్కనే ఉన్న ప్రెషర్ మీటరు ముల్లు తొమ్మిది వందల దగ్గర ఉంది.

"నిండుగ ఉందని రాసే ఉంది, ముల్లు కూడ అదే చెప్తుంది," అన్నాడు నాగరాజు.

సరళ తన ఫోన్ తీసింది. నిన్న పొద్దున ఏడు పదికి సతీష్ పెట్టుకున్న వాట్సాప్ స్టేటస్ ఫొటో అది, అతని దోస్తు ఒకడు పంపింది. ఇదే మీటరు, ముల్లు తొమ్మిది వందల యాభై మీద, పక్కన కారు అద్దం మీద మంచు పట్టి ఉంది.

"నిన్న పొద్దుగాల చలి పదహారు డిగ్రీలు. నైట్రస్ బాటిల్ల నీళ్ల లెక్క ఉంటది సార్, వంటింటి సిలిండర్ల గ్యాసు ఉన్నట్టే. ముల్లు గ్యాసు ఎంతుందో చెప్పదు, ఎండ ఎంతుందో చెప్తది. పదహారు డిగ్రీలకు ఆరువందల యాభై కాడ ఆగాలె. తొమ్మిదొందల యాభైకి ఎట్ల ఎక్కింది?"

"వేడి చేసి ఉంటడు."

"హీటర్ ఉందా బెన్నీ?" సరళ జీపు వైపు చూసి అరిచింది.

"లేదు!"

"ఇప్పుడు తూకం ఎయ్యాలె," అంది సరళ.

చెక్‌పోస్టు పక్కనే ముత్తక్క ఛాయ్ హోటల్. చుట్టుపక్కల గూడేల పత్తి కొని పెట్టుకునే కాంటా కూడా అక్కడే ఉంది. నాగరాజు కేకేసి కాంటా బయట పెట్టమన్నాడు. ముత్తక్క కదల్లేదు.

"కాంటా నాది. అడిగితే ఇస్త. కేకేస్తే ఇయ్య."

"అక్కా, జర ఇయ్యవా?" సరళ అడిగింది. ముత్తక్క లేచి, సీఐ కాలి దగ్గరే కాంటా దించి, పైన పత్తి దుమ్ము కొంగుతో తుడిచి మరీ పెట్టింది.

కానిస్టేబుల్ బాటిల్ పెట్టాడు. అంకెలు ఆగాయి. ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు.

చీటీ ప్రకారం ఖాళీ బాటిల్ ఆరు ఎనిమిది వందలు. లోపల ఉన్నది ఆరు వందల గ్రాములే.

"కొట్టి కొట్టి అయిపోయి ఉంటది, కొంచెం మిగిలింది," అన్నాడు నాగరాజు.

"కొంచెం మిగిలితే ముల్లు ఇట్ల నిలబడదు సార్. ఈ ఎండకు ముల్లు తొమ్మిదొందల కాడ ఉండాలంటే ఈ బాటిల్ల తక్కువల తక్కువ కిలోకు మీద నైట్రస్ ఉండాలె. లేదు. ప్రెషర్ నిండుగ ఉంది, బరువు లేదు. అంటే లోపల ఉన్నది నైట్రస్ కాదు, ఒత్తి ఒత్తి నింపిన తేలిక గ్యాసు. జిడ్డు తగిలితే గొట్టంలనే అంటుకునేది. బంద్ చేస్తే మంట పడిపోయేది. ప్లగ్గులు నాలుగు సెకన్లల్ల కరిగిచ్చేది." సరళ కాంటా మీద నుంచి చూపు తిప్పి ఆయన కళ్లలోకి చూసింది. "ఆక్సిజన్ సార్. వెల్డింగ్ షాపుల కోసే ఆక్సిజన్."

నాగరాజు ముఖంలోకి మెల్లగా నవ్వు తిరిగి వచ్చింది.

"మంచిదమ్మా. నా పని సులువు చేసినవ్. ఇప్పటిదాక అజాగ్రత్త కేసు అనుకున్న. ఇప్పుడు తెలిసి తెలిసి ఆక్సిజన్ నింపిండని రాస్త. బాటిల్ ఎవనిది? చీటీ ఎవడు కట్టిండు? నీ బెన్నీయే గదా!"

సరళ తను తవ్విన గొయ్యి సరిగ్గా బెన్నీ కాళ్ల కింద పడింది. ఒంటిగంట ఇరవై ఐదు. ఆమె మాటకు మాట అనకుండా జీపు దగ్గరికి నడిచింది. నాగరాజు వెనకే వచ్చాడు.

"బెన్నీ, నాకు అబద్ధం చెప్పినవ్," అంది. "బాటిల్ నిండుగ లేదు. నవంబర్ల నింపిన సరుకు జనవరి దాక ఉండదు. పొద్దున హైదరాబాద్‌ల నీకు నైట్రస్ నింపేటాయనకు ఫోన్ చేసిన. నువ్వు గురువారం రీఫిల్ చెప్పినవట, బుధవారం దాక రాదన్నడట. అంటే ఆదివారం నాటికి బాటిల్ ఖాళీ. ఎవరు నింపిండ్రు?"

"నేనే నింపిన."

"మళ్ల అబద్ధం."

"నేనే నింపిన అంటున్న గదా! రాసుకోండ్రి సార్. కిట్టు నాది, బాటిల్ నాది, అంతా నాదే. అయిపోయింది." బెన్నీ గొలుసు చేతిని సీఐ వైపు చాచాడు. కళ్లు మాత్రం సరళ మీదే ఉన్నాయి, అడ్డు రావద్దన్నట్టు.

ఇంతసేపూ పనితనం మీద మాట పడనివ్వని మనిషి, ఇంత చేతకాని పని చేశానని అరిచి మరీ ఒప్పుకుంటున్నాడు. సరళకు కోపం పోయింది. ఆమె గొంతు తగ్గించింది.

"తల్లాడల గ్యాసు వెల్డింగ్ ఎవరు చేస్తరు తమ్ముడూ?"

"దూలయ్య మామ జోలికి పోకు అక్కా!"

అని నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైంది. నాగరాజు కూడా విన్నాడు.

బెన్నీ సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. "కరోనా రెండోసారి వచ్చినప్పుడు అమ్మకు ఊపిరి అందలే. ఆక్సిజన్ డెబ్బైకి పడిపోయింది. ఎక్కడా బెడ్డు లేదు, సిలిండర్ లేదు. దూలయ్య మామ తన షాపుల పెద్ద సిలిండర్ నుంచి చిన్న సిలిండర్ల నింపనీకి సొంతంగ ఇత్తడి జాయింట్ చేసిండు. మూడు రోజులు అమ్మ మంచం కాడనే కూసుండు. ఊర్ల పదకొండు మందిని గట్లనే బతికిచ్చిండు. నిన్న బండి కాలిందని తెల్వంగనే నాకు సమజైంది, ఎవరు నింపిండ్రో. గా జాయింట్ తల్లాడల ఆయన కాడ తప్ప ఎవరి కాడ లేదు. గాయన్ను నేను జైలుకు పంపాల్నా? పంప."

ఆరోగ్యమ్మ నిన్న ఫోన్‌లో ఏడవకుండా మాట్లాడిన ఊపిరి ఎవరిదో సరళకు ఇప్పుడు తెలిసింది. అయినా ఆమె ఆ మాట అనలేదు.

"ఆయన తెలిసి చేసిండా, తెల్వక చేసిండా? అడగకపోతే నువ్వు చెయ్యని తప్పుకు నువ్వు పోతవ్, ఆయన చేసిన తప్పు ఏందో ఆయనకే తెల్వదు. రేపు ఇంకోనికి నింపుతడు. అది నీకిష్టమేనా?"

బెన్నీ తల అడ్డంగా ఊపి, దూలయ్య నంబరు చెప్పాడు.

"ఏంజెల్ బండి సంగతేంది?" సరళ ఫోన్ కలుపుతూ అడిగింది. "దాని బాటిల్?"

"అది సంక్రాంతికి ముందే ఖాళీ అయ్యింది. అది ఊకె మీట ఏసి నడిపి చూపిస్తది, గ్యాసే ఉండదు. గందుకే రమ్మంటే ఊకున్న."

చెక్‌పోస్టు గట్టు మీద ఒక్క చోటే సిగ్నల్ ఉంది. సరళ అక్కడికి ఎక్కి స్పీకర్ పెట్టింది. నాగరాజు పక్కనే నిలబడ్డాడు. దూలయ్య మొదటి రింగుకే ఎత్తాడు.

"దూలయ్యను మాట్లాడుతున్న. ఎవరు బిడ్డా?"

"బెన్నీ తరఫు మనిషిని పెద్దాయనా. సతీష్ బాటిల్ నువ్వే నింపినవా?"

"అవ్, నేనే నింపిన." గొంతులో దాపరికం అణువంతైనా లేదు. "హైదరాబాద్ నుంచి రానీకి ఇంకా నాలుగు దినాలు పడ్తదట. పోరడు నా కాడికొచ్చి బతిమిలాడిండు. బెన్నీయే గదా చెప్తుంటడు, ఇది మండే గ్యాసు కాదు మామా, ఇంజన్‌కు ఊపిరిచ్చే గ్యాసు, దీంట్ల ఉన్నది ఆక్సిజనే అని. మన కాడ అసలు సిసలు ఆక్సిజన్ పెట్టుకొని హైదరాబాద్ దాక ఎందుకు అన్న. కల్తీ లేనిది, మనుషులను బతికిచ్చిన సరుకది. పాపం ఆ పోరని బండికి పెట్రోల్ పైపు ఊడిందట గదా? బెన్నీని ఎందుకు పట్టుకున్నరు? నేను జామీను ఉంటనని ఆధార్ కార్డు తీస్కొని బస్సెక్కుతున్న బిడ్డా. సీఐ సారుకు చెప్పు."

నాగరాజు నేలకేసి చూశాడు. ఆయన వృత్తిలో నేరం ఒప్పుకున్న వాళ్లు చాలామంది తగిలారు, ఇలా ఒప్పుకున్నవాడు మాత్రం తగల్లేదు.

"పెద్దాయనా," సరళ మెల్లగా అంది. "ఇంకెవరికన్న నింపినవా?"

"ఇంకెవరికి? మన ఏంజెల్ బిడ్డకే. ఒకటి నింపినోణ్ని రెండోది నింపనా? శనివారం ఇంటికి పోయి బాటిల్ తెచ్చిన, నింపిన, మాపటికి నేనే ఆమె బండిల బిగిచ్చి వచ్చిన. అన్నాచెల్లెండ్లకు చెప్పలే. పిల్ల మీటరు చూసి సంబరపడుతదని..."

సరళ వినడం మానేసింది. ఒంటిగంట యాభై రెండు. ఏంజెల్ నంబరు నొక్కింది. అందుబాటులో లేదు. మళ్లీ నొక్కింది. లేదు. పాల్వంచ దాటాక అడవిలో ఎవరికీ సిగ్నల్ ఉండదు. మధ్యాహ్నపు ఎండలో తొమ్మిది వందల మీద నిలబడిన ముల్లును చూసి ఏంజెల్‌కు అనుమానం రాదు. అన్న తనకోసం నింపి పెట్టాడనుకుంటుంది.

రెండింటికల్లా రమ్మన్నది తనే. నాగరాజు నవ్వు చూడలేక రమ్మన్నది.

దూరంగా ఇంజన్ మోత వినబడింది.

రెండు కిలోమీటర్ల తిన్నని రోడ్డు అవతలి కొసన ఏంజెల్ ఎర్ర కారు. దాని లైట్లు రెండుసార్లు వెలిగి ఆరాయి. చెక్‌పోస్టు దగ్గర జీపును చూసి, వచ్చేశానని అన్నకు చెబుతోంది. మూడువేల ఆర్పీఎం దాటాలి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాలి. ఆ రెండూ కలిస్తే బెన్నీ అంత జాగ్రత్తగా పెట్టిన స్విచ్ చెప్పిన పని చేస్తుంది. ఈ ముక్క మీద ఆ రెండూ కలపడానికే ఆ పిల్ల తల్లాడ నుంచి వస్తోంది.

సరళ గట్టు మీది నుంచి దూకి పరుగెత్తింది. మోకాలు రాయికి కొట్టుకుంది, ఆగలేదు. కాలిన కారును దాటి ఇంకో వంద గజాలు పోయి రోడ్డు మధ్యకు వచ్చింది.

"పక్కకు జరుగమ్మా! గుద్దుతది!" నాగరాజు వెనక నుంచి గొంతు చించుకుంటున్నాడు. "నీకు పిచ్చా? జరుగు!"

ఆమె జరగలేదు. ముందు రోడ్డు ఖాళీగా ఉంటేనే ఎవరైనా పూర్తిగా తొక్కుతారు. సరళ తెల్లగీత మీద కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చాచి నిలబడింది.

పక్కన ఎవరో వచ్చి ఆగారు. బెన్నీ. గొలుసు రెండో కొస ఊడిపోయి చేతికి వేలాడుతోంది. వదిలింది ఎవరో వెనక్కి తిరిగి చూసే తీరిక ఇద్దరికీ లేదు. అతను గొలుసు చేతిని తల మీదికెత్తి, చెల్లెలి పేరు పెట్టి అరిచాడు.

అవతల ఇంజన్ మోత ఇంకో మెట్టు పైకి ఎక్కింది.